బ్యాగు మోసినవాడికి మైదానం ఎందుకు మూస్తారు?

దేశంలోని గోల్ఫ్ క్లబ్బుల అధ్యక్షులకు, కెప్టెన్లకు, పాలకవర్గ సభ్యులకు, ఇండియన్ గోల్ఫ్ యూనియన్ పెద్దలకు,



"క్లబ్బు మాది. ఎవరిని రానివ్వాలో మా ఇష్టం." మీ దగ్గర కేడీలుగా బ్యాగులు మోసి, ఆ తర్వాత ప్రొఫెషనల్ ఆటగాళ్లయినవాళ్లు ప్రాక్టీసుకు కాస్త సమయం అడిగినప్పుడు వాళ్లకు తరచూ దొరికే జవాబు ఇదే. ఒకచోట మర్యాదగా చెబుతారు, ఇంకోచోట గేటు దగ్గర కాపలావాడి చేత చెప్పిస్తారు. ఈ జవాబును నేను ఒప్పుకోలేను. మన దేశపు గోల్ఫ్ చరిత్ర మీకన్నా నాకు ఎక్కువ తెలుసని కాదు. ఆ చరిత్ర మీ క్లబ్బు హాళ్లలో ఫొటోలుగా, ఫలకాలుగా వేలాడుతోంది. దాన్ని రోజూ చూస్తూ కూడా ఈ మాట ఎలా అనగలుగుతున్నారన్నదే నా ప్రశ్న.

శివశంకర్ ప్రసాద్ చౌరాసియా గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. అయినా ఆయన ఆటజీవితాన్ని మరోసారి మీ ముందు పెడుతున్నాను. తండ్రి కోల్‌కతాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గ్రీన్‌లు చూసుకునే పనివాడు. 1829లో పుట్టిన క్లబ్బు అది. బ్రిటిష్ దీవులు దాటితే ప్రపంచంలో అంతకన్నా పాత గోల్ఫ్ క్లబ్బు లేదు. ఆ క్లబ్బు గడ్డిని కోసి, తడిపి, అరచేయంత నున్నగా ఉంచిన మనిషి కొడుకు పదేళ్ల వయసులో ఆట పట్టుకున్నాడు. నేర్పడానికి కోచ్ లేడు. ఆడేవాళ్లను చూసి నేర్చుకున్నాడు. 1997లో ప్రొఫెషనల్ అయ్యాడు.

ఆ తర్వాత పదకొండేళ్లు. ఈ పదకొండేళ్ల మీద మీరు ఒక్క నిమిషం ఆగాలి. ప్రొఫెషనల్ అనగానే బయటివాళ్లకు జీతం కనిపిస్తుంది. గోల్ఫ్‌లో జీతం ఉండదని మీకు తెలుసు. రైలు టికెట్టు, గది అద్దె, ఎంట్రీ ఫీజు, తన బ్యాగు మోసే కేడీ కూలి, అన్నీ ఆటగాడి జేబులోంచే పోవాలి. నాలుగు రోజుల టోర్నీలో రెండు రోజులయ్యాక కట్ పడుతుంది. ఆ గీతకు ఒక్క స్ట్రోక్ అవతల ఉన్నవాడు ఖాళీ చేతులతో ఇంటికి వెళ్తాడు. ఆ వారం ఖర్చంతా అప్పే. తండ్రికి ఆస్తో సొంత వ్యాపారమో ఉన్న కుర్రాడు ఇలాంటి వారాలు యాభై తట్టుకుంటాడు. మాలి కొడుకు ఎన్ని తట్టుకోగలడు? తట్టుకున్నవాడి పేరు చౌరాసియా. తట్టుకోలేక మళ్లీ బ్యాగు భుజానికెత్తుకున్నవాళ్ల పేర్లు మీ కేడీ మాస్టర్లను అడిగితే చెబుతారు.

2008 ఫిబ్రవరి. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో ఇండియన్ మాస్టర్స్. యూరోపియన్ టూర్ మన గడ్డ మీద జరిపిన మొదటి టోర్నీ. ఎర్నీ ఎల్స్ అంతటివాడు ఆడటానికి వచ్చాడు. గెలిచింది చౌరాసియా. 2011లో అవంతా మాస్టర్స్ గెలిచాడు. 2015 ఇండియన్ ఓపెన్‌లో అనిర్బన్ లాహిరితో ప్లేఆఫ్ దాకా వెళ్లి ఓడిపోయాడు. మరుసటి ఏడాది అదే ఢిల్లీ కోర్సులో అదే లాహిరిని వెనక్కి నెట్టి కప్పు అందుకున్నాడు. 2017లో గురుగ్రామ్‌లోని డీఎల్ఎఫ్ కోర్సులో ఏడు స్ట్రోకుల తేడాతో మళ్లీ గెలిచాడు. ఒలింపిక్స్‌లోకి గోల్ఫ్ 112 ఏళ్ల తర్వాత తిరిగి వచ్చిన రియోలో, 2016లో, మన పురుషుల తరఫున ఆడినవాళ్లు ఇద్దరే: లాహిరి, చౌరాసియా. 2017లో ప్రభుత్వం అర్జున పురస్కారం ఇచ్చింది.

ఆయన బంతిని దూరం కొట్టే ఆటగాడు కాదు. గ్రీన్ పక్కనుంచి చిప్ చేయడం, గ్రీన్ మీద పట్ చేయడం, ఈ రెండిట్లో ఆయనది ఎంత గట్టి చెయ్యి అంటే తోటి ఆటగాళ్లు దాన్ని ఇంటిపేరులో కలిపేసి 'చిప్పట్సియా' అని పిలుచుకున్నారు. దీన్ని దేవుడిచ్చిన వరమని మెచ్చుకుని ఊరుకోవడం తేలిక. నాకు ఇందులో మరోటి కనిపిస్తుంది. డ్రైవర్‌తో మూడు వందల గజాలు కొట్టడం నేర్చుకోవాలంటే ప్రాక్టీస్ రేంజ్ కావాలి, డబ్బు పోసి కొన్న బంతుల బుట్టలు కావాలి, అడ్డు చెప్పని గంటలు కావాలి. గ్రీన్ పక్కన సాధనకు ఎవరో ఇచ్చేసిన పాత వెడ్జ్ ఒకటి, పొదల్లో దొరికిన బంతులు నాలుగు చాలు, అదీ సభ్యులు ఇళ్లకు వెళ్లాక మిగిలిన చీకటివేళలో. కేడీలుగా మొదలైన మన ఆటగాళ్లలో చిన్న ఆట ఇంత పదునుగా ఉండటానికి ఇదే కారణమని నా నమ్మకం. మీరు ఎంత చోటు ఇచ్చారో వాళ్ల ఆట అంతే పెరిగింది. ఇంకొంచెం ఇచ్చి ఉంటే ఎంత పెరిగేదో ఎప్పుడైనా ఆలోచించారా?

చౌరాసియా ఒక్కడే అయితే మినహాయింపు అనవచ్చు. అలీ షేర్ సంగతి? ఇండియన్ ఓపెన్ 1964లో మొదలైంది. 1965లో అమెచ్యూర్ ఆటగాడు పి.జి. సేథీ గెలిచాక పాతికేళ్లకు పైగా మన జాతీయ టోర్నీ కప్పు విదేశీయుల చేతికే వెళ్లింది. 1991లో ఆ వరుసను ఆపినవాడు ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో కేడీగా పనిచేసిన అలీ షేర్. గెలిచింది కూడా ఆ కోర్సులోనే. ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆయన. 1993లో మళ్లీ గెలిచాడు. బెంగళూరు పక్కన బిడది దగ్గరి ఈగిల్టన్ కోర్సులో పనిపిల్లవాడిగా మొదలై ఆసియా స్థాయికి చేరిన చిక్కరంగప్ప మరో తరం వాడు. ఏళ్ల తరబడి విదేశీ కోచ్‌లను పెట్టుకుని, అమెరికా కాలేజీలకు పంపి తయారుచేసిన పిల్లల సరసన, పనివాళ్ల గేటు నుంచి వచ్చిన ఈ పిల్లలు నిలబడ్డారు. వాళ్లు గెలిచిన సాయంత్రాల్లో భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగింది మీరే కదా?

ఇప్పుడు ఇండియన్ గోల్ఫ్ యూనియన్ వారితో ఒక మాట. అమెచ్యూర్ టోర్నీలో ఆడాలంటే హ్యాండీక్యాప్, అంటే ఆటగాడి స్థాయిని తెలిపే అంకె, కావాలి. హ్యాండీక్యాప్ కావాలంటే మీ గుర్తింపు ఉన్న క్లబ్బు నుంచి రావాలి. క్లబ్బులో సభ్యత్వం కావాలంటే లక్షల రూపాయలు, పెద్ద క్లబ్బుల్లోనైతే దశాబ్దాల నిరీక్షణ కావాలి. ఈ మూడు మెట్లలో కేడీ కొడుకు ఏ మెట్టు ఎక్కగలడు? అందుకే సభ్యుల పిల్లలు జూనియర్ టోర్నీలు, అమెచ్యూర్ టోర్నీలు, జాతీయ జట్టు మీదుగా పదేళ్లు ఆడి ప్రొఫెషనల్స్ అవుతుంటే, కేడీ పిల్లవాడు ఆ పదేళ్ల అనుభవం లేకుండా ఒక్క దూకులో డబ్బుల టోర్నీలోకి దూకాల్సి వస్తోంది. అక్కడ మొదటి ఏడాదే కట్‌లు తప్పి అప్పుల్లో పడితే "వాడిలో సత్తా లేదు" అంటున్నాం. తలుపు తెరిస్తే ఏమవుతుందో చెప్పడానికి మీ రికార్డుల్లోనే సాక్ష్యం ఉంది. కేడీల బస్తీ నుంచి వచ్చిన ఢిల్లీ కుర్రాడు రషీద్ ఖాన్‌కు అమెచ్యూర్‌గా ఆడే వీలు దొరికింది. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన భారత జట్టులో అతడున్నాడు. 2014లో ఆసియా టూర్‌లో రెండు టోర్నీలు గెలిచాడు.

అదే రషీద్ 2020లో, టోక్యో ఒలింపిక్స్ బెర్తు కోసం పోటీలో ఉన్న రోజుల్లో, ప్రాక్టీసు సౌకర్యాల విషయమై ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బుతో వచ్చిన వివాదంలో పోలీస్ స్టేషన్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజు ఎవరు ఏమన్నారో, తప్పు ఎవరిదో తేల్చడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. క్లబ్బు వాదన క్లబ్బుకు ఉంది, ఆటగాళ్ల వాదన ఆటగాళ్లకు ఉంది. కానీ దేశం తరఫున పతకం తెచ్చిన ఆటగాడు ఏ రోజు, ఏ వేళ, ఎంతసేపు సాధన చేసుకోవచ్చో చెప్పే ఒక స్పష్టమైన కాగితం, రెండు పక్షాలూ ఒప్పుకున్న ఒక నియమం ఉండి ఉంటే ఆ గొడవ స్టేషన్ గుమ్మం తొక్కేదా? నియమం లేనిచోట దయ ఉంటుంది. దయ కమిటీ మారితే మారిపోతుంది. ఒక కార్యదర్శి మంచివాడైతే గేటు తెరుచుకుంటుంది, తర్వాతి ఎన్నికల్లో ఇంకొకరు గెలిస్తే మూసుకుంటుంది. ఆటగాడి జీవితం అలా నడవాలా?

ఇదే ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో 2017లో విందుకు అతిథిగా వచ్చిన మేఘాలయ మహిళను, ఆమె కట్టుకున్న సంప్రదాయ దుస్తులు పనిమనిషి దుస్తుల్లా ఉన్నాయంటూ బయటికి వెళ్లమన్నారు. దేశమంతా తలదించుకుంది. ఆ ఘటననూ ప్రాక్టీసు వివాదాన్నీ నేను ఒకే గాట కట్టడం లేదు. కానీ మనిషిని చూడగానే అతడు ఏ గేటు నుంచి రావాల్సినవాడో తేల్చేసే అలవాటు మాత్రం రెండుచోట్లా ఒకటే. ఆ అలవాటుకు దూరదేశపు ఉదాహరణ ఒకటి ఉంది. దక్షిణాఫ్రికాలో డర్బన్‌కు చెందిన భారత సంతతి కేడీ పాప్వా సెవ్‌గోలమ్ మూడుసార్లు డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో నటాల్ ఓపెన్ గెలిచినప్పుడు వర్ణవివక్ష చట్టాల పేరు చెప్పి అతణ్ని క్లబ్ హౌస్‌లోకి రానివ్వలేదు. లోపల తెల్లవాళ్లు కూర్చుని ఉంటే బయట వానలో నిలబెట్టి ట్రోఫీ ఇచ్చారు. మన దేశంలో అలాంటి చట్టం లేదు. చట్టం లేకుండానే గుమ్మం బయట నిలబెట్టడాన్ని ఏమనాలి?

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. సభ్యులు లక్షలు కట్టారు, వాళ్లకు ఆడుకునే హక్కు ముందు ఉంటుంది అంటారు. నిజమే. వారాంతపు ఉదయాలు వాళ్లవే, ఎవరూ అడగడం లేదు. కోర్సు రద్దీ అవుతుంది, గ్రీన్‌లు పాడవుతాయి అంటారు. వారం మధ్యలో మధ్యాహ్నం రెండింటికి, ఏప్రిల్ ఎండలో, మీ కోర్సులో ఎంతమంది ఉంటారు? గ్రీన్‌ను పాడుచేయకూడదని ఆ గ్రీన్ మీద పుట్టి పెరిగినవాడికన్నా ఎవరికి బాగా తెలుసు? చాలా క్లబ్బులు సోమవారం కేడీలను ఆడుకోనిస్తాయి, అది మంచి ఆచారమే. అయితే వారానికి ఒక్క పూట ఆడి ప్రపంచ ర్యాంకింగ్స్‌లో నిలబడిన ఆటగాణ్ని మీరు ఒక్కణ్ని చూపగలరా?

అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం, మొదట చెప్పినది: క్లబ్బు ప్రైవేటు. ఇక్కడ మీతో గట్టిగా వాదిస్తాను. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు నడిచేది కేంద్ర ప్రభుత్వం లీజుకిచ్చిన భూమిలో, నగరం నడిబొడ్డున, మొఘల్ కాలపు సమాధుల మధ్య. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లా లోపలి కోర్సు ప్రభుత్వ పర్యాటక శాఖ చేతి మీదుగా వచ్చింది. దాని చుట్టూ ఉన్న కోట గోడలు ఈ ఊరి జనం ఉమ్మడి ఆస్తి. దేశమంతటా ఉన్న సైనిక గోల్ఫ్ కోర్సులు రక్షణ శాఖ భూములు. అంటే మీ ఫెయిర్‌వేల కింద ఉన్న నేలలో ఎన్నడూ గోల్ఫ్ కర్ర పట్టని కోట్లమంది వాటా ఉంది. ఆ భూమిని మార్కెట్ ధరకు కొని గోల్ఫ్ ఆడుకోవాలంటే మీలో ఎంతమంది ఆడగలరు? చౌక లీజు అనేది ప్రజలు మీకు ఇచ్చిన రాయితీ. రాయితీ తీసుకున్నవాళ్లు బదులు ఏమిస్తున్నారని అడిగే హక్కు ప్రజలకు ఉండదా? ఆసుపత్రికి భూమి చౌకగా ఇస్తే పేదలకు ఇన్ని పడకలు అని షరతు పెడతాం. గోల్ఫ్ క్లబ్బుకు ఏ షరతూ ఎందుకు ఉండకూడదు?

ప్రజల భూమి తలుపు తెరిస్తే ఏం పండుతుందో మన దగ్గరే కనబడుతోంది. అనిర్బన్ లాహిరి సైనిక వైద్యుడి కొడుకు, కంటోన్మెంట్ కోర్సుల్లో ఆట నేర్చుకున్నాడు. వినికిడి లోపంతో పుట్టి రెండు ఒలింపిక్స్‌లో ఆడిన దీక్షా దాగర్ కూడా సైనికాధికారి కూతురే. ఆ కుటుంబాలకు ఆ కోర్సులు అందుబాటులో ఉన్నాయి కాబట్టి ఆ ప్రతిభ బయటపడింది. మరి అదే కోర్సులో బ్యాగులు మోసే కుటుంబాలకు?

పక్క దేశం వైపు చూడండి. ఢాకాలోని కుర్మిటోలా గోల్ఫ్ క్లబ్బులో బంతులు ఏరిన పిల్లవాడు సిద్దికుర్ రహ్మాన్. బంగ్లాదేశ్ గోల్ఫ్ సమాఖ్య అలాంటి పిల్లలకు శిక్షణ ఇచ్చే పని పెట్టుకుంది, అందులోంచి ఎదిగాడు. 2010లో ఆసియా టూర్ టోర్నీ గెలిచిన తొలి బంగ్లాదేశీ అయ్యాడు. 2013లో మన ఢిల్లీకి వచ్చి, మనవాళ్లను ఓడించి మన ఇండియన్ ఓపెన్ పట్టుకెళ్లాడు. రియో ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సంపాదించిన తొలి బంగ్లాదేశ్ క్రీడాకారుడు అతడే, ఆ దేశపు జెండా పట్టుకుని నడిచిందీ అతడే. కోర్సుల లెక్కలో, డబ్బులో మనకన్నా ఎంతో చిన్న దేశం చేసిన పని ఇది. మనకు ఏం అడ్డమొచ్చింది?

తెలుగువాళ్లుగా మనం గర్వంగా చెప్పుకునే పేరు సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు. అతడు 2023లో కాలిఫోర్నియాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు మన పత్రికలన్నీ "మనవాడు" అని రాశాయి. నేనూ సంతోషపడ్డాను. అయితే అతడు ఎక్కడ సాధన చేశాడో ఎక్కువమంది రాయలేదు. పెద్ద ఆస్తిపరుల బిడ్డ కాదు. ఇంటి దగ్గర ఎవరైనా రుసుము కట్టి ఆడుకోగల ప్రజా గోల్ఫ్ కోర్సులు ఉన్నాయి, అక్కడే పెరిగాడు. అదే కుటుంబం హైదరాబాద్‌లోనే ఉండిపోయి ఉంటే ఆ కుర్రాడు ఏ గేటు దగ్గర నిలబడేవాడు? ఇంకొక విషయం. 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో బంకర్‌లో తన కర్ర ఇసుకకు తగిలిందని సాహిత్ తానే చెప్పి రెండు స్ట్రోకుల శిక్ష వేయించుకున్నాడు. ఆ రెండు స్ట్రోకులే రెండో స్థానంలో వాటాకూ మూడో స్థానానికీ మధ్య తేడా అయ్యాయి. ప్రైజ్‌మనీలో అది లక్షల డాలర్ల మాట. అడిగేవాడు లేకపోయినా నియమానికి తలవంచడమే గోల్ఫ్ ధర్మమని మీ కోచ్‌లు పిల్లలకు చెబుతుంటారు. ఆ ధర్మం మైదానంలో ఆటగాడికేనా, కమిటీ గదిలో మీకు కూడానా?

2025 అక్టోబర్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో 40 లక్షల డాలర్ల టోర్నీ జరిగింది. రోరీ మెకిల్‌రాయ్ వచ్చాడు. పొదల మధ్య ఇరుకైన ఆ ఫెయిర్‌వేల మీద డ్రైవర్ తీయడానికి ఆయనే వెనుకాడాడు. టామీ ఫ్లీట్‌వుడ్ గెలిచాడు. ప్రపంచమంతా టీవీలో చూసిన ఆ నాలుగు రోజుల్లో మెకిల్‌రాయ్ అంతటివాడు జాగ్రత్తపడ్డ దారుల్ని కళ్లు మూసుకుని చెప్పగల కేడీలు ప్రేక్షకుల తాడు అవతల ఉన్నారు. వాళ్లలో ఎంతమందికి ఆ దారుల్లో ఏడాది పొడవునా సాధన చేసే వీలుంది?

కాబట్టి నేను మిమ్మల్ని అడిగేవి ఇవి. దయ వద్దు, రాతపూర్వకమైన నియమం పెట్టండి. మీ కోర్సులో కేడీగానో పనివాడిగానో చేసి, ఇప్పుడు మన ప్రొఫెషనల్ టూర్‌లో ఆడుతున్న ప్రతి ఆటగాడికీ వారంలో ఫలానా రోజులు, ఫలానా వేళలు అని రాసి, క్లబ్బు నోటీసు బోర్డు మీద అతికించండి. ఆ వేళల్లో రేంజ్ బంతులు ఖర్చు ధరకే ఇవ్వండి. ఆ హక్కును తీసేయాలంటే కారణం కాగితం మీద చెప్పాలని, ఆటగాడి జవాబు వినాలని నిబంధన పెట్టుకోండి. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ వారు సభ్యత్వంతో పనిలేకుండా కేడీలకు, క్లబ్బు సిబ్బంది పిల్లలకు హ్యాండీక్యాప్ ఇచ్చే ఏర్పాటు చేయాలి. ఇందుకు పెద్ద ఖర్చు కాదు, ఒక తీర్మానం చాలు. ప్రభుత్వ భూముల లీజులు పునరుద్ధరించే అధికారులు కూడా ఈ లేఖ చదువుతారనుకుంటున్నాను. తర్వాతి లీజు పత్రంలో ఈ షరతును ఒక వాక్యంగా చేర్చండి. అప్పుడు ఏ కమిటీ వచ్చినా, ఏ కార్యదర్శి మారినా అది నిలుస్తుంది.

విశాఖపట్నంలో 1884 నుంచి నడుస్తున్న ఈస్ట్ పాయింట్ క్లబ్బు పెద్దలకు, గోల్కొండ కోర్సు నడిపే హైదరాబాద్ పెద్దలకు ప్రత్యేకంగా ఒక మాట. ప్రొఫెషనల్ టోర్నీలు మీ దగ్గరికి వస్తున్నాయి. ఢిల్లీ, కోల్‌కతాల్లో ఏళ్ల తరబడి పేరుకుపోయిన పంతాలు మీకు ఇంకా అంతగా లేవు. ఈ పని ముందుగా మీరు చేయగలరు. మీ కేడీ షెడ్డులో ఇప్పుడు కూర్చున్న కుర్రాళ్లలో ఎవరి చెయ్యి బాగుందో మీ సభ్యులకు ఇప్పటికే తెలుసు. తర్వాతి కమిటీ సమావేశం ఎజెండాలో ఈ అంశం పెట్టండి, ఏం నిర్ణయించారో బహిరంగంగా చెప్పండి.

భవదీయుడు,
హైదరాబాద్ నుంచి ఒక క్రీడాభిమాని